రైలుదారి తుద, యాత్రకు మొదలు
(భద్రాచలము రోడ్డు స్టేషనును గూర్చిన పాఠము)

క్రొత్తగా మన సీమకు వచ్చిన యాత్రికుడు రైలు దిగి, ఎదుటి పలకమీద "భద్రాచలము రోడ్డు" అను అక్షరములను చదివి, ఆలయ గోపురము ఏ దిక్కున గానవచ్చునా యని నలుదెసలు చూచుట సహజము. గోపురము కానరాదు. గోదావరియు కానరాదు. అతడు దిగినది బొగ్గుగనుల పట్టణమగు కొత్తగూడెము. శ్రీరాముని సన్నిధికి అచ్చటినుండి యింకను దాదాపు 40 కిలోమీటర్లు పోవలెను. ఊరు ఒకటి, పేరు మరియొకటి యగుట యేల? ఈ చిన్న ప్రశ్న వెంబడి పోయినచో మన జిల్లా చరిత్రము, భూగోళము, ఇరుగుపొరుగుల బ్రతుకుతెరువు, రాబోవు కాలమున మనకు గలుగదగిన లాభనష్టములు అన్నియు గోచరించును. కావున విద్యార్థులు ఈ పాఠమును జిల్లాపటము ఎదుట బెట్టుకొని చదువవలెనని కోరుచున్నాము.

1. పేరులోని యర్థము

రైల్వేవారి భాషలో ఒక ఊరి పేరునకు "రోడ్డు" అను మాట చేర్చినచో, "ఆ ఊరికి రైలు పోదు, ఆ ఊరికి పోవు బాట ఇచ్చట మొదలగును" అని భావము. ఆముదాలవలసలోని స్టేషనునకు శ్రీకాకుళము రోడ్డు అని పేరుండుట ఇట్టిదే. కావున ఈ పేరు అబద్ధము కాదు. అది యొక వాగ్దానము. "ఇంతవరకు నేను తెచ్చితిని, ఇటుపైన నిన్ను క్షేమముగా అప్పగింతును" అని స్టేషను యాత్రికునితో చెప్పుచున్నట్లే.

పెండ్లి ముగిసిన పిమ్మట అప్పగింతలు జరుగుట మనమందరము చూచినదే. పిల్లను ఎవరి చేతిలో బెట్టుచున్నారో, వారు ఎట్టివారో ఎరిగి అప్పగింతురు. రైలుదారి తుదనున్న స్టేషను పనియు నట్టిదే. ఆ స్టేషను ఎంత పెద్దదను దానికంటె, తన చేతిలోని బాటసారిని బాటకును, ఏటికిని, అడవికిని ఎట్లు అప్పగించుచున్నదను దానినిబట్టియే దాని మంచిచెడ్డలు నిర్ణయింపవలెను. ఈ పాఠమున మనము నేర్వవలసిన ముఖ్యవిషయ మిదియే.

2. ఈ దారి ఎందులకు బుట్టినది?

ఈ రైలుదారి భక్తులకొరకు వేసినది కాదు. బొగ్గుకొరకు వేసినది. 1871వ సంవత్సర ప్రాంతమున భూగర్భశాస్త్రజ్ఞుడగు విలియము కింగు ఇల్లెందు దగ్గర బొగ్గు గలదని కనుగొనెను. నిజాము రాజ్యపు రైలుదారి సికిందరాబాదునుండి తూర్పుగా సాగి, డోర్నకల్లు మీదుగా 1889లో బెజవాడను చేరెను. దానికి శాఖగా డోర్నకల్లునుండి కారేపల్లి మీదుగా ఇల్లెందు గనులకు దారి 1888లో ఏర్పడినది. ఇల్లెందులోని బొగ్గు తరుగుచు, కొత్తగూడెము క్రింద క్రొత్త పొరలున్నవని తెలిసినకొలది, 1920 తరువాతి దశకమున కారేపల్లినుండి మరియొక కొమ్మ కొత్తగూడెము వరకు సాగినది. 1920 డిసెంబరులో నేర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ యొక్క ముఖ్యస్థానము నేడు ఈ పట్టణముననే యున్నది. డోర్నకల్లునుండి కొత్తగూడెమునకు దారిపొడవు 50 కిలోమీటర్లకు కొంచెము పైన.

పిమ్మట బొగ్గు వెంటనే పట్టాలు మణుగూరు వరకును బోయినవి. అయినను భద్రాద్రికి పోవు భక్తుని మట్టుకు రైలుప్రయాణము ఇక్కడనే ముగియును. బొగ్గు దింపుట కాక ఎక్కించుకొనిపోవుటకు వచ్చిన బండి, వచ్చునప్పుడు భక్తులను దింపిపోవుటచేత, గనులపట్టణము తాను కోరకయే యొక పుణ్యక్షేత్రమునకు ముఖద్వారమైనది.

3. అంతకుమున్ను యాత్రికులు ఎట్లు వచ్చిరి?

భద్రాచల దేవాలయ నిర్మాత కంచర్ల గోపన్న, మన ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి వాడు. గోలకొండ సుల్తానగు తానీషా కాలమున, అనగా 17వ శతాబ్దపు ఉత్తరభాగమున, పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా నుండి, ప్రభుత్వధనమును ఆలయమునకు వ్యయపరచి, గోలకొండ కోటలో చెరసాల ననుభవించెను. రామదాసుడని లోకము అతనిని కొనియాడుచున్నది. నాటినుండి శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము నేటికిని సాగుచున్నది.

రైలు రాక మునుపు కోస్తాదేశపు భక్తులకు గోదావరియే రాజమార్గము. రాజమహేంద్రవరమున పడవ నెక్కి, తరువాతి కాలమున ఆవిరిలాంచీ నెక్కి, పాపికొండల నడుమ ఏటికి ఎదురుగా ప్రయాణము చేసి భద్రాద్రిని చేరెడివారు. ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థరు కాటను ఈ నదిని మధ్యపరగణాల వరకు నౌకామార్గముగా చేయవలెనని తలచెను. భద్రాచలమునకు ఎగువను దుమ్ముగూడెము వద్ద ఆనకట్టయు కాలువయు ఆ సంకల్పముయొక్క గుర్తులే. రాతిబండలు, వేసవి నీటికొరత, మితిమీరిన ఖర్చు అడ్డుపడగా ఆ పని 1871లో విడువబడెను. అదే కాలమున బొగ్గు కనబడుట గమనింపుడు. ఏటిదారి ఆగిన యేండ్లలోనే రైలుదారికి బీజము పడినది.

పడమటినుండి వచ్చువారికి మరియొక చిక్కు గలదు. నాడు నదికి ఇవతల బూర్గంపహాడు నిజాము రాజ్యము. అవతల భద్రాచలము ఇంగ్లీషువారి పాలన. 1860లో నిజామునుండి ఇంగ్లీషువారికి సంక్రమించిన ఆ తాలూకా, మొదట మధ్యపరగణాలలోను, 1874నుండి చెన్నరాజధానిలోను ఉండెను. ఇవతలి ఒడ్డున హాలీ సిక్కా చెల్లును. అవతలి ఒడ్డున కలదారు రూపాయి చెల్లును. రైలు దిగినవాడు అడవిబాటను గడచి, నాణెములు మార్చుకొని, పడవవానికి కూలి యిచ్చి, ఒక రాజ్యమునుండి మరియొక రాజ్యమునకు దాటెడివాడు. రాష్ట్రములు మారి, 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరిన పిదపను నడుమ నది అట్లే యుండెను. 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణనుగారు భద్రాచలము వంతెనను ప్రారంభించిన తరువాతనే ఇరువైపుల జనులకు పడవకొరకు ఎదురుచూచుట తప్పినది. ఇటీవల దాని ప్రక్కన రెండవ వంతెనయు వెలసినది.

4. సముద్రతీరమున నిట్టి స్టేషను మరియొకటి

ఇపుడు పటమును విప్పి తూర్పున దూరముగానున్న జపానుదేశమును చూడుడు. హోన్షూ అను పెద్ద దీవికిని, షికోకు అను దీవికిని నడుమ సెటో యను లోపలి సముద్రము గలదు. దానినిండ చిన్నచిన్న దీవులు. హోన్షూ దక్షిణతీరమున, ఒకయామా పట్టణమునుండి 33 కిలోమీటర్ల దూరమున, పట్టాలు సముద్రపు టొడ్డునకు వచ్చి ఆగిపోవుచోట ఊనో అను స్టేషను గలదు. అది 1910 జూనులో తెరువబడెను. రైలు దిగినవారు నాలుగడుగులు నడచి, రైల్వేవారి పడవ నెక్కి, ఎదుటనున్న తకమత్సు రేవునకు పోయెడివారు. సరకుపెట్టెలను పట్టాలతో సహా ఓడలోనికి నడిపించి దాటించు ఏర్పాటును ఉండెను. కొత్తగూడెమునకు బొగ్గు ఎట్లో, ఊనో యున్న తమానో పట్టణమునకు 1917లో వెలసిన ఓడల కర్మాగారము అట్లు. పనివారి ఊరే బాటసారుల ఊరుకూడ నైనది.

1955 మే 11వ తేదీన దట్టమైన మంచులో షియున్ మారు అను రైల్వే ఓడ, అదే సంస్థకు జెందిన మరియొక ఓడతో ఢీకొని మునిగిపోయెను. 168 మంది మరణించిరి. వారిలో అనేకులు బడినుండి విహారయాత్రకు బయలుదేరిన బాలబాలికలు. ఆ దుఃఖము దేశమును కదలించినది. సముద్రముపై వంతెన కావలెనని తీరవాసులు పట్టుపట్టిరి. బడులలో పిల్లలకు ఈత నేర్పుటకు ఆ ప్రమాదము ఒక ముఖ్యకారణమని చెప్పుదురు.

1978లో మొదలై, పైన మోటారుబాటయు క్రింద రైలుబాటయు గల గొప్ప వంతెనలవరుస దీవినుండి దీవికి సాగి, 1988 ఏప్రిలు 10వ తేదీన తెరువబడెను. రైళ్లు నేరుగా షికోకునకు పోసాగినవి. జనులు సంతోషించిరి. కాని ఆ దినముననే ఊనోయొక్క పని తీరిపోయినది. రైలుపడవల ప్రధానసేవ ముగిసెను. తకమత్సునకు పోవు మిగిలిన పడవలును క్రమముగా తగ్గి 2019 డిసెంబరులో పూర్తిగా నిలిచినవి. ద్వారమునకు అవతల ఇల్లు లేనప్పుడు ద్వారమెందులకు?

అయినను ఊనో అంతరింపలేదు. ఏల? పెద్ద దీవికి వంతెన వచ్చినను చిన్న దీవులకు పడవయే గతి. ఊనోనుండి 20 నిమిషములలో చేరదగిన నవోషిమా యను దీవి యొకటి గలదు. అది సుమారు 3,000 జనుల ఊరు. 1917నుండి రాగి కరగించు కొలుముల పొగచే దాని ఉత్తరభాగమున చెట్లు మాడిపోయెను. అట్టి దీవిలో 1992నుండి వరుసగా కళాభవనములు వెలసినవి. తడావో ఆండో అను వాస్తుశిల్పి 2004లో ఒక భవనమును కొండమీది అందము చెడకుండ నేలలోపలనే నిర్మించెను. ప్రక్కనున్న తేషిమా దీవిలో పరిశ్రమల చెత్తను అక్రమముగా కుమ్మరించగా, దీవివాసులు ఏండ్లతరబడి పోరాడి, 2000లో ప్రభుత్వముచేత దానిని తొలగింపజేయు ఒడంబడికను సాధించిరి. పిమ్మట 2010లో ఆ దీవులన్నింటను మూడేండ్ల కొకమారు జరుగు కళోత్సవము మొదలైనది. మొదటి ఉత్సవమునకే 9 లక్షలకు పైగా సందర్శనలు లెక్కకు వచ్చినవి. ఊనో రేవులో ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన చెత్తతో చేసిన పెద్దచేప యొకటి నిలిపియున్నారు. బాటసారి రైలు దిగగానే ఆ చేప అతనికి ఈ సముద్రముయొక్క అందమును, దానికి మనుష్యుడు చేసిన అపరాధమును ఒక్కమారే బోధించును.

5. మన నదియొడ్డున దీవులు లేవా?

గోదావరినడుమ జపానువలె దీవులు లేకపోవచ్చును. కాని పాపికొండల మలుపులలో పడవయే సులభసాధనమైన ఊళ్లు గలవు. పేరంటాలపల్లి అట్టిది. కొండవాలున ముని యాశ్రమము, ప్రక్కన సెలయేరు, చుట్టును కొండరెడ్ల పల్లెలు. భద్రాద్రి దర్శనము చేసికొనినవారిలో పలువురు పర్ణశాలను చూచి, దిగువనున్న పోచవరము రేవున లాంచీ నెక్కి పాపికొండలను చూడబోవుదురు. ఆ రేవులున్న మండలములు 2014నుండి ఆంధ్రప్రదేశములో చేరినవి. కావున నేడును మన యాత్రికుడు ఒక రాష్ట్రమున రైలు దిగి, మరియొక రాష్ట్రమున పడవ నెక్కుచున్నాడు. నాణెము మార్చవలసిన పని లేదు గాని, బాధ్యత మాత్రము ఇరువురి నడుమ పంచబడినది. పంచబడిన బాధ్యత జారిపోకుండ చూచుకొనవలెను.

అది జారినప్పుడు ఏమగునో మనము చూచితిమి. 2019 సెప్టెంబరు 15వ తేదీన, గోదావరి వరదతో నిండియుండగా, దిగువరేవునుండి పాపికొండలకు బయలుదేరిన విహారపడవ కచ్చులూరు వద్ద మునిగిపోయెను. 40 మందికి పైగా మృతిచెందిరి. వారిలో వరంగల్లు, హైదరాబాదు ప్రాంతములనుండి వచ్చినవారు పలువురు. ఆ సుడి ఎట్టిదో, ఆ మలుపు ఎట్టిదో దూరదేశపు టతిథికి తెలియదు. కచ్చులూరు గ్రామస్థులకు తెలియును. వారు తమ చిన్నపడవలతో వెంటనే పోయి 20 మందికి పైగా ప్రాణములను కాపాడిరి. నది నెరిగినవాడు దగ్గరనుండుట ఎంత విలువగలదో దీనివలన తెలియుచున్నది. ఆ పిమ్మట విహారములు నిలుపబడి, కట్టుదిట్టములతో 2021లో మరల మొదలైనవి.

భద్రాచలములో నదిమట్టము 43 అడుగులకు రాగానే మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది యిత్తురు. 1986లో ఆ మట్టము 75 అడుగులు దాటెను. 2022 జూలైలో 71 అడుగులు దాటి, వంతెనపై రాకపోకలు ఆపవలసివచ్చెను. ఈ అంకెలు మన యొడ్డుపిల్లలకు ఎక్కములవలె కంఠస్థములు. రైలులో వచ్చువానికి ఇవి అర్థముకావు. స్టేషను పలకమీద రైళ్ల వేళలతోపాటు ఏటిమట్టమును వ్రాసి, "నేడు పడవలు పోవు, పోవు దినమున చూచుకొనుడు" అని చెప్పు ఏర్పాటుండినచో, ఆ యొక్క వాక్యమే యొక కుటుంబమును కాపాడవచ్చును.

6. రాబోవు కాలము

2024 ఆగస్టులో కేంద్రప్రభుత్వము ఒడిషాలోని మల్కన్‌గిరినుండి భద్రాచలము మీదుగా పాండురంగాపురమువరకు సుమారు 173 కిలోమీటర్ల క్రొత్త రైలుదారికి ఆమోద మిచ్చెను. పాండురంగాపురము కొత్తగూడెమునకు అవతల మణుగూరు మార్గముననున్న స్టేషను. ఈ పని నెరవేరిన దినమున భద్రాచలమునకే రైలు పోవును. అపుడు "రోడ్డు" అను మాటకు అర్థము మారును. స్టేషను ఎదుట బస్సులవారు, ఆటోలవారు, పూటకూళ్లవారు, టెంకాయలమ్ము ముసలమ్మలు, వీరందరకు 1988లో ఊనోకు వచ్చిన దినమువంటి దినము రావచ్చును.

దీనికి భయపడి రైలు వలదనుట తెలివి కాదు. ఒడిషా యడవులలోని రోగి వేగముగా ఆసుపత్రి చేరుట, మన విద్యార్థి సుఖముగా కళాశాల చేరుట గొప్ప మేలు. ఊనో చరిత్రము మనకు రెండు సంగతులు నేర్పుచున్నది. ఒకటి, వంతెనలు అంగలార్చిన చోట్లకు కొందరు బాటసారులను తీసికొనిపోవును గాని, దారిలోని చిన్నచోట్లు ద్వారమును కోరుచునే యుండును. కిన్నెరసాని జలాశయమును, అభయారణ్యమును చూడగోరువారికి కొత్తగూడెము, పాల్వంచలే మొదటి మజిలీ. ఒక శతాబ్దమునకు పైగా బొగ్గు త్రవ్విన పనివారి చరిత్రము చూడదగిన వస్తువు కాదని యెవరు చెప్పిరి? రెండవది, ఆ మేలు దీవివాసుల చేతికి అందినంత మట్టుకే అది మేలు. ఇవతల కోయవారు, అవతల కొండరెడ్లు ఈ యడవిని ఏ శాస్త్రజ్ఞునికంటెను బాగుగ నెరుగుదురు. వారిని వేడుకచూచు వస్తువులుగా గాక, దారి చూపు గురువులుగా, పడవ నడుపు యజమానులుగా, వెదురుపని అమ్ము వర్తకులుగా నిలుపవలెను. పోలవరము జలాశయము నిండిన పిమ్మట తీరపల్లెలు అనేకములు ముంపునకు లోనగును. ఆ పల్లెల పేర్లు, కథలు, దారులు వ్రాసి దాచుకొనుటకు ఇదియే సమయము.

7. విద్యార్థులు చేయదగిన పని

పెద్దలు రైలుదారులు వేయుదురు; వంతెనలు కట్టుదురు. పిల్లలవలన నేమగునని యనుకొనరాదు. ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు క్రింది పనులలో ఒకటైనను చేసి, వచ్చు సంచికకు వ్రాసి పంపవలెను.

మొదట, డోర్నకల్లునుండి పేరంటాలపల్లివరకు యాత్రికుని దారిని పటముగా గీసి, అతడు రైలు, బస్సు, పడవ మారు చోట్లను గుర్తింపుడు. ప్రతి మార్పువద్ద క్రొత్తవానికి ఏ సంగతి తెలియక కష్టము కలుగునో విచారించి వ్రాయుడు.

రెండవది, 1965నకు మునుపు పడవమీద గోదావరి దాటిన వృద్ధులు మీ ఇంటనో వాడలోనో యున్నచో, వారి ప్రక్కను గూర్చుండి, కూలి యెంత, పడవకై ఎంతసేపు వేచిరి, వరదలో ఏమి చేసిరి అని అడిగి వ్రాసికొనుడు. అట్టివారు నానాటికి తగ్గుచున్నారు.

మూడవది, ఈత నేర్చుకొనుడు. పెద్దల ఎదుట, లోతులేని చోట, నియమముతో నేర్చుకొనుడు. తల్లిదండ్రులు దీనిని ఆటగా గాక చదువుగా నెంచి సాయపడవలెనని ప్రార్థించుచున్నాము.

నాలుగవది, తేలికగా గానవచ్చును గాని అన్నింటికంటె గొప్పది. స్టేషనులోనో, సారపాక కూడలిలోనో, భద్రాద్రి కరకట్టమీదనో క్రొత్తవాడెవడైన దారి యడిగినయెడల, చేయి చూపి ఊరకుండక, నాలుగడుగులు వెంట నడచి, "అయ్యా, నేడు ఏరు నిండుగనున్నది, పడవ నెక్కకుడు" అనియో, "అమ్మా, ఈ బస్సు పర్ణశాలకు పోదు" అనియో నెమ్మదిగ చెప్పుడు.

రాతితో కట్టిన ద్వారమునకు నోరు లేదు. ఆ నోరు మనమే కావలెను. "భద్రాచలము రోడ్డు" అను పలక బాటసారికి చేసిన వాగ్దానమును నిలుపుకొనుట రైల్వేవారి పని మాత్రమే కాదు. ఈ దారికి ఇరుప్రక్కల పుట్టి పెరిగిన మన అందరి పని.